జేబులు ఖాళీ చేసే రోజు

దుప్పటి మడత పెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇళ్లలో పెట్టుకుంటారేమో, ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టి, ఇంకో కొస కాళ్లతో తొక్కిపట్టి, నానా తంటాలు పడి. లాండ్రీలో ఆ ముచ్చట్లు కుదరవు. ఇస్త్రీ రోలర్ నోట్లోంచి హోటలు దుప్పట్లు కాలుతూ, ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తుంటాయి. అటొకరు, ఇటొకరు నిలబడాలి. చెరో రెండు కొసలు పట్టి, ఒక్క విదిలింపు విదిలించి, సగానికి మడిచి, ఎదురెదురు నడవాలి. వేళ్లకి వేళ్లు తగిలేసరికి ఇటు కొసలు అటు చేతిలోకి వెళ్లిపోవాలి. మళ్లీ వెనక్కి. సరైన జోడీ దొరికితే చూడక్కర్లేదు, చెప్పక్కర్లేదు, చేతులే మాట్లాడుకుంటాయి.

పెద్దక్కకి ఎదురు ఇన్నాళ్లూ చిలక నిలబడేది. ఇప్పుడు ఆ చోట పొడుగమ్మాయిని పెట్టారు. మంచి పిల్లే, కానీ తాటిచెట్టంత ఎత్తు. ఆమె పట్టిన కొస పైకి, పెద్దక్క పట్టిన కొస కిందికి, మడత ఎప్పుడూ ఏటవాలుగా వస్తోంది.

"కొంచెం వంగవే తల్లీ, నేను నిచ్చెన వేసుకుని పనిచేయలేను," అంది పెద్దక్క.

పొడుగమ్మాయి నవ్వబోయి మానుకుంది. ఆ హాల్లో ఎవరికైనా నవ్వొస్తే వెంటనే తప్పు చేసినట్టు ముఖం పెడుతున్నారు. చిలక పోయి ఇంకా వారం కాలేదు. టీ వేళ బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. వాగుడుకాయ కదా, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోందనుకున్నారు అందరూ. తలుపు బద్దలు కొట్టేసరికి గోడకి ఆనుకుని కూర్చునే ఉంది, పెదవులు నీలంగా.

ఆ పొద్దున మేనేజరు రోలర్ ఆపించి అందరినీ పిలిచాడు. రోలర్ ఆపడమంటే ఆయనకి ప్రాణం పోయినంత పని, కాబట్టి పెద్ద విషయమేనని అందరికీ అర్థమైంది. పక్కన సూపర్‌వైజరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. బాత్రూంకి ఎవరెంతసేపు వెళ్లారో చూస్తుంటుందని ఆమెకి వెనకాల 'గడియారం' అని పేరు.

"చనిపోయినావిడకి మత్తు అలవాటుంది," అన్నాడు మేనేజరు. "అది ఆవిడ సొంత విషయం. కంపెనీకి సంబంధం లేదు. పోలీసులకి నేనదే చెప్పాను, మీరూ అదే చెప్పాలి. ఆ మందుల డబ్బా పారేయించాను. ఇక వారం చివర, ఏప్రన్లు ఉతకడానికి వేసే రోజు, బల్ల దగ్గర నేనే నిలబడతాను. ఎవరి జేబులోనైనా ఒక్క మాత్ర దొరికిందా, అదే వాళ్లకి ఇక్కడ ఆఖరి రోజు."

పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. చిలకకి అలవాటట! ఆ పిల్లకున్న అలవాటల్లా వాగడం ఒక్కటే.

డబ్బా సంగతి మేనేజరుకి తెలియంది కాదు. మడత బల్ల పక్కన అరమీద ఉండే పాత బిస్కట్ల డబ్బా అది. డాక్టరు రాసిన నొప్పి మాత్రలు ఎవరికైనా మిగిలితే అందులో వేసేవారు. నడుం పట్టేసినవాళ్లు, మణికట్లు వాచినవాళ్లు అందులోంచి తీసి వేసుకునేవారు. నువ్వేశావా నేనేశానా అని లెక్కల్లేవు. సెలవడిగితే 'గడియారం' కళ్లెర్రజేసేది, నొప్పని చెబితే మేనేజరు వేరే మనిషిని చూసుకుంటాననేవాడు, అందుకని పుట్టింది ఆ డబ్బా. ఆ చోట దయ అనేదేమైనా ఉంటే అందులోనే ఉండేది. చిలక వేసుకున్న మాత్రా అందులోదే.

ఇంకో సంగతి ఉంది. అది మేనేజరుకి తెలియదు, ఆడవాళ్లందరికీ తెలుసు. చిలకని స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే, గేటు దగ్గర అంబులెన్సు దీపం గిరగిరా తిరుగుతుంటే, డబ్బా ఇక ఉండనివ్వరని అందరికీ ఒకేసారి తట్టింది. ఒక్కొక్కరే బల్ల దగ్గరికి వచ్చారు. ఏడుస్తూనే డబ్బాలో చేయి పెట్టారు. కాపలావాడు వచ్చి డబ్బా పట్టుకెళ్లేసరికి అది ఖాళీ. పెద్దక్క కూడా రెండు తీసుకుంది. అవి ఇప్పటికీ ఆమె ఏప్రన్ జేబులో, రుమాలు మడతలో ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ కుళాయి దగ్గర ఇస్త్రీమామ ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. రోలర్‌లోకి దుప్పట్లు అందించే పని ఆయనది. ఆవిరి కొట్టి కొట్టి ముంజేతులు ఎర్రగా కందిపోయి ఉంటాయి. ఎప్పుడూ ఏదో ఒక మేలమాడే మనిషి, ఆ రోజు తల కొట్టేసినట్టున్నాడు.

"పెద్దక్కా, అవి నేనేసినవి."

"ఏవి?"

"డబ్బాలోవి. ఆ వారం నేనేశాను. ఫోన్లో ఎవరో అమ్ముతున్నారని మా బావమరిది తెప్పించాడు. చౌకగా వస్తున్నాయన్నాడు. డాక్టరిచ్చేవాటిలాగే ఉన్నాయి. అదే తెలుపు, అదే గీత, అదే అచ్చు. నేను వేసుకున్నాను, నాకేం కాలేదు. భుజం నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. అందుకే... మీకూ పనికొస్తాయని..." కందిన ముంజేయి రుద్దుకున్నాడు. "నాకేం కాలేదు కదా, ఆ పిల్లకెందుకైంది?"

లాగి లెంపకాయ కొడదామన్నంత కోపం వచ్చింది పెద్దక్కకి. చేయి లేచింది కూడా. కుళాయి కింద పెట్టి కడుక్కుంది.

"ఎవరికైనా చెప్పావా?"

"చెబితే జైలుకి పోతాను."

"చెప్పకపోతే ఇంకెవరో కాటికి పోతారు. డబ్బాలోవి ఎక్కడున్నాయనుకుంటున్నావు ఇప్పుడు? అందరి జేబుల్లోనూ ఉన్నాయి."

ఇస్త్రీమామ గుడ్లప్పగించి చూశాడు. ఆయన ఆ వేళ రోలర్ దగ్గరే ఉన్నాడు, ఆడవాళ్ల చేతులు చూడలేదు.

సాయంత్రం పని దిగాక పెద్దక్క ఇంటికి వెళ్లకుండా రెండు వీధుల అవతల ఉన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అక్కడ నర్సు ఒకామె ఉంది. పొట్టిగా, చకచకా, ఎవరినైనా కసిరినట్టే మాట్లాడుతుంది కానీ మాట మధ్యలో లేచిపోదు. పెద్దక్క తన గురించి కాదన్నట్టుగా, ఎవరో తెలిసినవాళ్లకి అన్నట్టుగా అడిగింది. నర్సు నమ్మినట్టే విన్నది.

"ఒకే సంచిలోవి ఒకరు వేసుకుంటే ఏమీ కాదు, ఇంకొకరు వేసుకుంటే ప్రాణం పోతుంది. అదెలా?" అంది పెద్దక్క.

"పిండిలో ఉప్పు సరిగ్గా కలపకపోతే ఏమవుతుంది? ఒక ముద్ద చప్పగా, ఒక ముద్ద ఉప్పు కషాయం. వీటినీ అలాగే చేస్తున్నారమ్మా, ఏ షెడ్డులోనో, ఏ బకెట్లోనో కలిపి అచ్చు గుద్దుతున్నారు. అందులో వేసేది ఫెంటానిల్ అని చాలా ఘాటైన నొప్పి మందు. గోరు మీద రవ్వంత ఎక్కువైతే చాలు, ఒళ్లు ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది. నిద్రపోతున్నట్టే ఉంటుంది చూసేవాళ్లకి."

"చూసి పోల్చుకోలేమా?"

"నేను కూడా పోల్చుకోలేను. నా దగ్గర పరీక్ష చేసే పట్టీలున్నాయి. ఆ మాత్రలు తెప్పించండి. ఎవరివని అడగను, ఎక్కడివని అడగను." లోపలికి వెళ్లి చిన్న తెల్లటి స్ప్రే సీసాలు రెండు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఆగిన ఊపిరిని తిరిగి తెచ్చే మందు ఇది. ఎవరైనా పడిపోతే ముక్కులో కొట్టి, అంబులెన్సుకి ఫోన్ చేయండి. లేవకపోతే రెండోది కొట్టండి. అన్నిటికంటే ముందు, గడియ పెట్టుకుని ఒంటరిగా వేసుకోవద్దని చెప్పండి. పక్కన మనిషి లేకపోతే ఈ సీసా ఉండీ ఏం లాభం?"

పెద్దక్క సీసాలు సంచిలో వేసుకుంది. తన జేబులోని రెండూ మాత్రం బయటికి తీయలేదు. తీద్దామని చేయి రుమాలు దాకా వెళ్లింది, మళ్లీ వచ్చేసింది. రేపు మణికట్లు పట్టేస్తే ఏం చేయాలి? అన్నీ చెడ్డవి కావుగా, అందులో డాక్టరిచ్చినవీ ఉన్నాయిగా. తనలోపల ఎవరో లాయరు కూర్చుని వాదిస్తున్నట్టు వాదించుకుంటూ ఇంటికి చేరింది.

వాళ్లాయన బస్సుల డిపోలో మెకానిక్కు. గ్రీజు చేతులు కడుక్కుంటూ ఆమె వాలకం చూశాడు.

"మళ్లీ చేతులా?"

"ఊఁ."

వేణ్నీళ్లు కాచి బేసిన్‌లో పోసి తెచ్చాడు. పెద్దక్క మణికట్లు ముంచి కూర్చుంది. వేళ్లు వంగడం లేదు. మేనేజరన్న మాట చెప్పింది, ఇస్త్రీమామ సంగతి చెప్పింది, చివరికి రుమాలు విప్పి ఆ రెండూ చూపించింది.

ఆయన వాటిని వేలితో కదిపి చూశాడు. తర్వాత మామూలుగానే మొదలుపెట్టాడు. "నీకెందుకే ఈ గొడవంతా? అవి తీసి కాలవలో పారేయి, నీ పని నువ్వు చేసుకో. ఊరందరి జేబులూ నీకెందుకు?"

"చిలక జేబు కూడా నాకెందుకులే అనుకున్నాను," అంది పెద్దక్క. "మాత్ర వేసుకుంటానంటే, నేను చూస్తాలే ఇవి, నువ్వు పోయి కాస్త కూర్చుని రా అన్నాను. మడత బల్ల దగ్గర నా చెయ్యి ఆగలేదు ఆ పూట. తలుపు కొట్టడానికి నేను వెళ్లలేదు."

ఆయన బేసిన్‌లో చేయి పెట్టి నీళ్లు చల్లారాయేమోనని చూశాడు.

మర్నాడు పెద్దక్క గుసగుసల పని పెట్టుకుంది. మురికి బట్టలు ఏరేచోట, ఆరబెట్టే మెషిన్ల మధ్య, బాత్రూం వరసలో, దొరికినవాళ్లని దొరికినట్టు పక్కకి తీసుకుని చెప్పింది. ఇవి చెడ్డవి, నర్సు పేరడగదు, నాకివ్వండి, నేను పట్టుకెళ్తాను అని. ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. "నా దగ్గరేం లేవు పెద్దక్కా" అని ఒకామె జేబు మీద చేయేసుకునే చెప్పింది. ఇంకొకామె "ఎవరు పంపారు నిన్ను, గడియారమా?" అని కొరకొరా చూసింది. వాళ్లని తప్పుపట్టే ముఖం పెద్దక్కకి లేదు. తనవే ఇంకా రుమాల్లో ఉన్నాయి.

పొడుగమ్మాయి మాత్రం దుప్పటి అవతలి నుంచి తేలిగ్గా అనేసింది. "ఏప్రన్ల రోజున బల్ల దగ్గరికి రాకముందే మింగేస్తానక్కా. కడుపులో వెతకలేడుగా!"

పెద్దక్క చేతిలో కొస జారిపోయి దుప్పటి నేలమీద పడింది. అంటే ఈ పిల్ల ఒక్కతే కాదు, అందరూ అదే అనుకుంటున్నారు. మేనేజరు బల్ల దగ్గర నిలబడితే చాలు, భయానికి ఒక్కొక్కరూ ఒక్కో మూల చేరి గుటుక్కున మింగుతారు. ఎవరికి చప్ప ముద్ద, ఎవరికి ఉప్పు ముద్ద?

అప్పుడే గేటు దగ్గర గొడవ వినిపించింది. చిలక తల్లి వచ్చింది. సన్నగా, తలంతా నెరిసి, ఊరంతా నడిచొచ్చినట్టు చెప్పులనిండా దుమ్ము. కూతురి వస్తువుల కోసం వచ్చింది. మేనేజరు లోపలికి రానివ్వలేదు. భోజనం డబ్బా, దువ్వెన, ఒక స్వెటరు ప్లాస్టిక్ సంచిలో వేయించి గేటు సందులోంచి అందించాడు.

"చూడమ్మా, నేను చెడ్డగా చెప్పడం లేదు. మీ అమ్మాయికి అలవాటుంది. దీన్ని పెద్దది చేస్తే మీకే నలుగురిలో తలవంపు. గుండె ఆగిపోయిందని చెప్పుకోండి."

"మా పిల్లకి అలవాటా?" అంది తల్లి. గొంతు పెంచలేదు. "ఎవరు చూశారు బాబూ?"

"అందరికీ తెలుసు."

"అయితే అందరినీ పిలవండి. నా ముఖం చూసి చెప్పమనండి."

మేనేజరు రోలర్ ఆపడం కుదరదన్నాడు. గేటు వేయించాడు. గేటు వేసినా ఆమె కదల్లేదు, కూతురి స్వెటరు మడిచి చంకలో పెట్టుకుని అక్కడే నిలబడింది. పెద్దక్క హాలు గుమ్మంలోంచి ఇదంతా చూస్తోంది. 'గడియారం' కూడా చూస్తోంది, వెనక్కి పొమ్మని ఎవరినీ అనలేదు.

పని దిగేసరికి ఆ తల్లి బస్టాపులో ఉంది. పెద్దక్క వెళ్లి పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, తెలిసిన మాటతోనే మొదలుపెట్టింది.

"నేను మీ అమ్మాయి జోడీనమ్మా. దుప్పట్లు మడతపెట్టేది మేమిద్దరమే."

"పెద్దక్కవా?" ఆమె ముఖం తిప్పి తేరిపార చూసింది. "నీ మీద ఎన్ని చాడీలు చెప్పేదో. ఒక్క మాట మాట్లాడనివ్వదే అమ్మా అనేది."

పెద్దక్కకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "నన్ను మాట్లాడనిస్తే కదా అది!"

తర్వాత దాచకుండా చెప్పేసింది. డబ్బా, మాత్రలు, బకెట్లో కలిపి అచ్చు గుద్దడం, అందరి జేబులు, తన రుమాలు. ఇస్త్రీమామ పేరు ఒక్కటి చెప్పలేదు, ఆ మాట ఆయన నోటితోనే రావాలనుకుంది. చెబుతున్నంతసేపూ తల్లి రోడ్డు వంకే చూసింది. ఈమె లేచి తిడుతుంది, జుట్టు పట్టుకుంటుంది, పట్టుకోనీ అని సిద్ధపడి కూర్చుంది పెద్దక్క.

తల్లి అడిగింది ఒక్కటే. "అవి ఇంకా ఉన్నాయా? పిల్లల దగ్గర?"

"ఉన్నాయమ్మా. ఎవరూ ఇవ్వడం లేదు. ఇస్తే దొరికిపోతామని భయం."

"ఎవరిచ్చారో తెలియకపోతే ఇస్తారా?"

రెండు బస్సులు ఆగి వెళ్లిపోయాయి. వాళ్లిద్దరూ ఎక్కలేదు.

ఏప్రన్ల రోజు వచ్చింది. ఆ రోజు పని దిగే ముందు అందరూ ఏప్రన్లు విప్పి, మడత బల్ల మీద జేబులు దులిపి, పెద్ద మెషిన్లో వేస్తారు. ఎప్పుడో ఒకసారి ఎవరి జేబులోనో పెన్ను పగిలి హోటలు దుప్పట్లన్నీ నీలంగా మారాయట, అప్పటినుంచీ ఇది ఆచారమైపోయింది. మామూలుగా అదొక సరదా. ఎవరి జేబులో ఏముందో అని ఎగతాళి, చిలక జేబులోంచి వేరుశనగ తొక్కలు రాలితే అందరూ గోల. ఈసారి మేనేజరు బల్ల పక్కన నిలబడ్డాడు, మెడలో టై బిగించుకుని మరీ. వరసలో పొడుగమ్మాయి పిడికిలి నోటి దగ్గరికి వెళ్లడం పెద్దక్క చూసింది.

"ఆగు!" అని అరిచింది.

హాలంతా అదిరిపడింది. తన గొంతు అంత పైకి లేస్తుందని పెద్దక్కకే తెలియదు. వెళ్లి వెనక తలుపు గడియ తీసింది. చిలక తల్లి లోపలికొచ్చింది.

"ఏంటిది?" అన్నాడు మేనేజరు. "ఈమెని ఎవరు రానిచ్చారు?"

"నేనే సార్. ఇంకా చెప్తాను, వినండి." మురికి బట్టలు వేసే గుడ్డ సంచి ఒకటి లాగి తెచ్చింది పెద్దక్క, మోకాలెత్తున ఉండేది, లోపలికి చేయి పెడితే మోచేయి దాకా కనబడదు. సంచి మూతి ఒక పక్క తను పట్టుకుంది, రెండో పక్క తల్లి పట్టుకుంది. "అందరూ వినండి. డబ్బాలోవి మంచివి కావు. ఏది మంచిదో, ఏది చెడ్డదో ఎవరికీ తెలియదు, నర్సుకే తెలియదు. ఒక్కొక్కరూ పిడికిలి మూసి ఇందులో పెట్టండి, చేయి తెరిచి బయటికి తీయండి. ఉన్నవాళ్లూ పెట్టండి, లేనివాళ్లూ పెట్టండి. అప్పుడు ఎవరివో ఎవరికీ తెలియదు."

"ఎవరైనా ఆ సంచిలో చేయి పెడితే," మేనేజరు వేలు చూపించాడు, "రేపటినుంచి వాళ్లకి పని లేదు."

"అదే సార్, అందుకే అందరం పెడతాం," అంది పెద్దక్క. రుమాలు విప్పింది. ఆ రెండూ అరచేతిలో పెట్టి మేనేజరుకి కనబడేలా చేయెత్తింది. "నావి దాచను. ఇవిగో." సంచిలో వేసింది. అవి పడ్డ చప్పుడు కూడా కాలేదు.

ఎవరూ కదల్లేదు. రోలర్ వేడికి గోడలు టిక్కుటిక్కుమంటున్నాయి. పెద్దక్క ఇక అయిపోయిందనుకుంది. పని పోయింది, మాత్రలు మాత్రం జేబుల్లోనే ఉండిపోయాయి.

అప్పుడు తల్లి మాట్లాడింది. పొడుగమ్మాయితో.

"రా అమ్మా. నా ముఖం చూడక్కర్లేదు. సంచి చూడు చాలు."

పొడుగమ్మాయి ఏడుపు ఆపుకోలేక, పిడికిలి నోటి దగ్గర్నుంచి దింపి, వచ్చి మోచేయి దాకా దూర్చింది. తీసిన చేయి తెరిచి అందరికీ చూపించింది, ఖాళీ. తర్వాత ఇంకొకామె. తర్వాత 'గడియారమా నిన్ను పంపింది' అన్నామె. వరస కదిలింది. కొందరి పిడికిళ్లు బిగుసుకుని ఉన్నాయి, కొందరివి ఊరికే మూసినవి, ఎవరివి ఎలాంటివో చూద్దామని మేనేజరు మెడ సాచి సాచి అలసిపోయాడు.

ఇస్త్రీమామ వచ్చాడు. ఆయన పిడికిలి మూయలేదు. తన దగ్గర మిగిలిన మాత్రలు అట్టపెట్టెతో అలాగే పట్టుకొచ్చాడు.

"ఇవి నావి. డబ్బాలో వేసింది నేనే అమ్మా. నాకు తెలియదు. తెలియదంటే సరిపోదని తెలుసు."

తల్లి ఆయన వంక చూసింది. సంచి మూతి పట్టిన వేళ్లు తెల్లబడ్డాయి.

"ముందు వేయి," అంది తల్లి. "రేపు పొద్దున నాతో స్టేషన్‌కి రావాలి. నీకమ్మినవాడెవడో, నీ బావమరిది ఎక్కడ తెప్పించాడో అంతా చెప్పాలి. నిన్ను క్షమించే సంగతి నాకిప్పుడు చేతకాదు."

"వస్తాను," అన్నాడు ఇస్త్రీమామ. పెట్టె సంచిలో పడ్డప్పుడు మాత్రం చప్పుడైంది.

వరస అయిపోయింది. మేనేజరు గొంతు సవరించుకుని 'గడియారం' వైపు తిరిగాడు. "చేయి పెట్టినవాళ్లందరి పేర్లూ చెప్పండి నాకు."

ఆమె కోటు జేబులో చేయి పెట్టి, పిడికిలి మూసి, నడిచొచ్చి సంచిలో మోచేయి దాకా దూర్చింది. తీసిన చేయి తెరిచి మేనేజరుకి చూపించింది. ఆ పిడికిలిలో ఏదైనా ఉందో, ఊరికే మూసిందో ఎవరికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు.

"నా పేరుతో మొదలుపెట్టండి సార్," అంది.

మేనేజరు సంచి ఇటివ్వమన్నాడు. కంపెనీ సంచి అన్నాడు.

"ఇస్తాను బాబూ," అంది తల్లి, ఇవ్వకుండానే. "ముందు ఒక్కటి చెప్పండి. అలవాటున్నది ఒక్క మా పిల్లకే అన్నారు కదా. వీళ్లందరిలో ఇప్పుడు అలవాటున్నది ఎవరికి?"

ఆయన వరస మొత్తం చూశాడు, మొదటినుంచి చివరిదాకా. వాళ్లూ ఆయన్నే చూస్తున్నారు. తన అద్దాల ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పోతూ పోతూ పెద్దక్కతో, "నువ్వు రేపటినుంచి రావద్దు," అన్నాడు.

"వస్తాను సార్," అంది పెద్దక్క. "ఆపాలనుకుంటే గేటు దగ్గర మీరే నిలబడండి, కాపలావాడిని పంపకండి."

ఏప్రన్లు మెషిన్లో తిరుగుతుండగా అందరూ మామూలు బట్టల్లో బయటికి వచ్చారు. ఎక్కువమంది ఇళ్లకి వెళ్లారు, పిల్లలున్నారు, వంటలున్నాయి. పెద్దక్క, చిలక తల్లి సంచి చెరో పక్కా పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి నడిచారు. బరువేం లేదు దానికి, అయినా ఇద్దరూ వదల్లేదు.

నర్సు చేతికి తొడుగులు వేసుకుని, తెల్ల కాగితం పరిచి, సంచిలోవి జాగ్రత్తగా దాని మీద దులిపింది. పేరడగలేదు. విడివిడిగా పడ్డవాటిలోంచి ఒకటి తీసి, రవ్వంత గీకి నీళ్లలో కలిపి పట్టీ ముంచింది. ఏమీ లేదు. ఇంకొకటి, ఏమీ లేదు. మూడోదానికి పట్టీ చూసి కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ చూసింది. ఆ మాత్రని పట్టకారుతో తీసి విడిగా పెట్టింది. అచ్చు మిగతావాటిలాగే ఉంది.

"ఇందులో ఉంది," అంది. "ఎంత ఉందో ఈ పట్టీ చెప్పదు."

పెద్దక్క బల్ల అంచు పట్టుకుంది.

చిలక తల్లి ముందుకి వంగి ఆ మాత్రని చూసింది. ముట్టుకోలేదు. తన కూతుర్ని తీసుకెళ్లినది ఇంతేనా అన్నట్టు చాలాసేపు చూసింది.

"ఇది ఎవరి జేబులోది?" అంది.

"తెలియదమ్మా. నాదే కావచ్చు."

తల్లి నిటారుగా నిలబడింది. స్వెటరు చంకలోంచి జారుతుంటే సర్దుకుంది.

"ఎవరిదైతేనేం," అంది. "ఆ పిల్ల ఈ పూట ఇంటికి వెళ్లింది."

నర్సు ఇంకో మాత్ర అందుకుంది. పెద్దక్క కుర్చీ లాగి తల్లిని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది. కాగితం మీద ఇంకా చాలా ఉన్నాయి.